కోడలు నీళ్ళోసుకున్న కేసు

నీళ్ళ ఆఫీసులో ఫిర్యాదులు చూసే పెద్దలకు,

గొట్టం పక్కింటి టైలరమ్మ నమస్కారం పెట్టి రాస్తున్న సంగతులు. మేమంతా క్షేమం. మీరు క్షేమమే అయి ఉంటారు, నీళ్ళు మీ దగ్గరే ఉన్నాయి కాబట్టి.

మా ఊరికి పైన ఏటికి అడ్డుకట్ట కట్టి, ఆ నీళ్ళను పెద్ద గొట్టంలోకి మళ్ళించి మీ నగరానికి పట్టుకుపోతున్నారు. ఆ గొట్టం సరిగ్గా మా గుమ్మం ముందు నేలలోంచి పోతుంది. నేను కుట్టుమిషను తొక్కడం ఆపానంటే చాలు, కాళ్ళ కింద నీళ్ళు పారే చప్పుడు వినపడుతుంది. ఆ చప్పుడు వింటూనే బిందె చంకనెత్తుకుని ఏట్లోకి పోతాం. ఏట్లో ఇప్పుడు ఇసుక తప్ప ఏమీ లేదు. ఆ ఇసుకలో చెలమ తవ్వి, అడుగున ఊరే నీళ్ళు చిప్పతో తోడుకుంటూ బిందె నిండేదాకా కూర్చుంటాం. కట్ట పడ్డాక ఊరి బావి కూడా ఎండింది.

ఇన్నాళ్ళూ నోరెత్తలేదు. ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, మా కోడలు నీళ్ళోసుకుంది. ఇప్పుడు మూడో నెల. ఆ పిల్ల చేత బిందె మోయించలేను. నా మోకాళ్ళు నా మాట వినడం మానేశాయి. మా అబ్బాయి తెల్లారేసరికి ఇటుకబట్టీలో ఉండాలి. చెలమ నీళ్ళు కాచి వడగట్టినా అడుగున మడ్డి మిగులుతోంది. ఆ నీళ్ళు ఆ పిల్లకివ్వడానికి చెయ్యి రావడం లేదు.

కాబట్టి మా గుమ్మం ముందు ఒక్క కుళాయి పెట్టించండి. కుళాయి నేనే కొనుక్కుంటాను.

ఇట్లు,
మీ గొట్టానికి కాపలా ఉంటున్న
టైలరమ్మ

తా.క.: మా ఇంటి ముందు గొట్టం మీద మీవాళ్ళు ఒక బోర్డు పాతారు. “తాగునీటిని పొదుపుగా వాడండి” అని ఉంది. మేం వాడడమంటూ మొదలుపెడితే కదండీ పొదుపు చేసేది.

*

ఫిర్యాదుదారు టైలరమ్మ గారికి,

నగర నీటి సరఫరా కార్యాలయం, ఫిర్యాదుల విభాగం గుమాస్తా తెలియజేయునది.

మీ ఉత్తరం పరిశీలించడమైనది. మీ ఊరు నీటి మూల ప్రాంతము. పంపిణీ ప్రాంతము నగరపు పొలిమేర వద్ద మొదలగును. మూల ప్రాంతములో కుళాయిలు ఇచ్చుటకు నిబంధనలు ఒప్పుకోవు.

ఇంకను, మీ గుమ్మం ముందు గొట్టంలో ప్రవహించునది ముడినీరు. అది నగరమునకు చేరిన పిమ్మట అందులో పటిక కలిపి, మట్టి అడుగుకు దిగువరకు తొట్లలో నిలిపి, ఇసుక పొరల గుండా వడపోసి, క్లోరిన్ కలిపి, అటుపై మాత్రమే ప్రజలకు ఇవ్వబడును. ముడినీరు తాగుట ఆరోగ్యమునకు హానికరము గనుక ఎవరికిని ఇవ్వరాదు.

అదియునుగాక, మీ కోడలు నీళ్ళు పోసుకున్నదనియు, ఇది మూడో నెల అనియు మీరే వ్రాసియున్నారు. మూడు నెలలుగా నీళ్ళు పోసుకొనుచున్న ఇంటిలో నీటి కొరత ఉన్నదనుట నమ్మదగినదిగా లేదు. కావున మీ ఫిర్యాదు ముగించడమైనది.

అయితే ఊరిలో ఏరు ఎండి, బావి ఎండి ఉండగా, మీ కోడలికి ఆ నీళ్ళు ఎక్కడినుండి వచ్చినవో, దానికి బాధ్యులెవరో వెంటనే తెలుపగలరు.

భవదీయుడు,
గుమాస్తా, ఫిర్యాదుల విభాగం

తా.క.: మీరు ప్రస్తావించిన బోర్డు కార్యాలయపు ఆస్తి. దానిపై బట్టలు ఆరవేయరాదు.

*

నీళ్ళ ఆఫీసు గుమాస్తా గారికి,

నమస్కారం ఒంటి చేత్తో పెడుతున్నాను. రెండో చెయ్యి మీ జవాబును బట్టి.

మా ఊరు మూల ప్రాంతమని రాశారు. అదేమిటో నాకు తెలియలేదు. మీ ఉత్తరం చివరిదాకా చదివాక తెలిసింది, మూలన పడేసిన ప్రాంతమని. ముడినీరని కూడా రాశారు. ఊహ తెలిసినప్పటినుంచీ నేను దారానికి ముళ్ళు వేస్తున్నాను. నీళ్ళకు ముడి వేయగలిగినవాళ్ళు మీ ఆఫీసులోనే ఉన్నారు. ఆ నీళ్ళు మాకు హానికరమట, అందుకని ఇవ్వరట. మరి గొట్టంలో పోయేవాటికంటే వందరెట్లు అధ్వాన్నమైన మడ్డినీళ్ళు తాగుతున్నాం, అవి హానికరమని మీ నిబంధనల్లో ఎక్కడా లేదా? పటిక నగరంలోనే కరుగుతుందా, మా ఊళ్ళో కరగనంటుందా?

ఇదంతా ఒక ఎత్తు. మా కోడలి సంగతి మీరు అడిగింది ఒక ఎత్తు. “ఎక్కడినుండి వచ్చినవి, బాధ్యులెవరు” అని అడుగుతారా? ఏ ఇంట్లో అడిగే మాటండీ ఇది? మీ అక్కచెల్లెళ్ళ విషయంలో ఇట్లాగే కాగితం పెట్టి అడుగుతారా? సరే, ఆఫీసువారు అడిగారు కాబట్టి చెబుతున్నాను, రాసుకోండి. దానికి కారకుడు మా అబ్బాయే. ఇంకెవరి ప్రమేయమూ లేదు. మేమంతా సంతోషంగా ఉన్నాం. ఊరంతా సంతోషంగా ఉంది. మీకే ఎందుకో కడుపుమంట.

కుళాయి సంగతి తేల్చండి.

ఇట్లు,
ముడి విప్పమని కోరుతున్న
టైలరమ్మ

తా.క.: నా మాట నమ్మకపోతే నర్సమ్మను అడగండి. ఆవిడ ఇంటికొచ్చి చూసి ఖాయం చేసి వెళ్ళింది.

*

టైలరమ్మ గారికి,

విషయం: మీ ఇంటి అక్రమ సంబంధం గురించి.

అమ్మా, మీ కోడలి విషయంలో కారకుడు మీ కుమారుడేనని, ఇతరుల ప్రమేయం లేదని, ఒక నర్సు స్వయంగా చూసి ధ్రువపరచినదని మీరు వ్రాతపూర్వకముగా ఒప్పుకొనియున్నారు. మీ నిజాయితీని ఈ విభాగం అభినందించుచున్నది. అయినను నేరం నేరమే. మీ కుమారుని మీద అక్రమ సంబంధం కింద కేసు నమోదు చేయడమైనది.

ఈ క్రింది ప్రశ్నలకు సూటిగా సమాధానములు పంపగలరు.

ఈ సంబంధం ఎవరి అనుమతితో పెట్టుకున్నారు? పగటిపూట సాగుచున్నదా, రాత్రిపూటనా? ఇరుగుపొరుగువారు కూడా ఇందులో భాగం పంచుకొనుచున్నారా? ఇంతకాలముగా బహిరంగంగా జరుగుచున్నను ఊరిలో ఎవరూ అభ్యంతరం చెప్పకపోవుటకు కారణమేమి? ఊరంతా సంతోషంగా ఉన్నదని మీరు వ్రాసిన వాక్యము మరింత అనుమానమునకు తావిచ్చుచున్నది.

త్వరలో మా తనిఖీ బృందం గునపాలతో వచ్చి సదరు సంబంధమును తెగగొట్టగలదు. వారికి సహకరించవలెను.

భవదీయుడు,
గుమాస్తా, ఫిర్యాదుల విభాగం

తా.క.: ఇట్టి సంబంధాలు మీ ఊరిలో ఇంకా ఎవరెవరికి ఉన్నవో రహస్యముగా తెలిపినచో మీ పేరు బయటపెట్టము.

*

గుమాస్తాకి,

నమస్కారం లేదు.

నీ ఉత్తరం వచ్చిన పూట మా వియ్యపురాలు, అంటే కోడలి తల్లి, మా ఇంట్లోనే ఉంది. కూతుర్ని చూసి పోదామని వచ్చింది. కోర్టులో దస్తావేజులకు నకళ్ళు టైపు చేసే ఉద్యోగం ఆవిడది. కాగితం కనపడితే చదవకుండా ఉండలేదు. నా కళ్ళజోడు దొరక్క నేనే ఆవిడ చేతికిచ్చాను. ఆ తప్పు నాది. మిగతావన్నీ నీవి.

మొదటి వరుస పైకి చదివి ఆగిపోయింది.

“ఏంటి వదినా ఇది?”

“కుళాయికి అర్జీ పెట్టుకున్నా వదినా. దానికి జవాబు.”

“కుళాయికి అర్జీ పెడితే మా పిల్లకి అక్రమ సంబంధం అంటగడతారా? పగలా రాత్రా అని అడుగుతారా? ఇరుగుపొరుగు... ఛీ ఛీ! ఇంతకీ నువ్వేం రాశావు వాళ్ళకి?”

“నిజమే రాశాను. మనవాడే కారకుడని రాశాను.”

“అసలు ఆ మాట రాయాల్సిన అవసరం ఎందుకొచ్చింది?”

మా అబ్బాయి నోట్లో పెట్టుకున్న ముద్ద మింగలేదు, కక్కలేదు. కోడలు లోపలికెళ్ళి తలుపేసుకుంది. వియ్యపురాలు ఆ తలుపు దగ్గర నిలబడి, “నీళ్ళు లేని ఇల్లయినా సర్దుకుంటుందిలే అనుకున్నాను వదినా. పరువు కూడా లేదంటే ఎట్లా? నీ గుమ్మంలో కుళాయి తిరిగిన రోజు కబురు పెట్టు. అప్పుడు పంపిస్తా,” అంది. పిల్లను వెంటబెట్టుకుని ఆ పూట బస్సుకే వెళ్ళిపోయింది. ఇప్పుడు మా ఇంట్లో నేనూ, మా అబ్బాయీ, ఖాళీ బిందెలూ ఉన్నాం. వాడు నాతో మాట్లాడ్డం లేదు. అన్నం పెడితే తింటాడు, లేకపోతే లేదు.

ఆ మంట మీద నీ తనిఖీవాళ్ళు దిగారు. వాళ్ళ మేస్త్రీ గునపం భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

“సంబంధం ఎక్కడమ్మా?”

“ఏ సంబంధం?”

“అదే, మీ అబ్బాయి పెట్టుకున్నది.”

“పుట్టింటికి పోయింది.”

“పోయిందా? ఊడబీక్కుని పోయిందా, మూతవేసి పోయిందా?”

“పెట్టె సర్దుకుని పోయింది!”

“పెట్టె కూడా ఉందట, రాసుకోరా,” అన్నాడు పక్కవాడితో.

మా గుమ్మం ముందు నడుం లోతు తవ్వారు. గొట్టం చుట్టూ చేతులు పెట్టి తడిమారు. ఏమీ దొరకలేదు. ఉంటే కదా దొరికేది. “బాగా దాచారు,” అని మెచ్చుకుని వెళ్ళిపోయారు. గొయ్యి పూడ్చలేదు. ఇప్పుడు మా ఇంట్లోకి రావాలంటే గొయ్యికి అడ్డంగా వేసిన చెక్క పలక మీద నడిచి రావాలి. బట్టలు కుట్టించుకునేవాళ్ళు అవతలే నిలబడి కొలతలు అరిచి చెబుతున్నారు. నడుము కొలత అట్లా అరవడానికి ఎవరు ఒప్పుకుంటారు? సగంమంది రావడం మానేశారు.

ఇట్లు,
నీ గోతికి ఇవతల
టైలరమ్మ

తా.క.: నిన్న పొరుగింటి మేకపిల్ల ఆ గోతిలో పడింది. దానికీ మీ ఆఫీసుకూ ఏ సంబంధమో, సక్రమమో అక్రమమో, తెలియజేయగలవు.

*

పూజ్యులైన టైలరమ్మ గారికి,

పాదాలకు నమస్కరించి రాస్తున్నాను. ఇది ఆఫీసు కాగితం కాదు, నా సొంత కాగితం. అందుకే మామూలు మనిషిలా రాయగలుగుతున్నాను.

మీ ఉత్తరం నాకు అర్థం కాలేదు. కుళాయి కేసులో వియ్యపురాలెందుకొచ్చిందో, పుట్టిల్లెందుకొచ్చిందో తెలియక కాగితాలన్నీ ఇంటికి తీసుకెళ్ళాను. మా అమ్మ వాటిని వరసగా చదివింది. చదువుతూ నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, ఆ చేత్తోనే నా చెవి మెలిపెట్టింది.

“ఒరేయ్, నీళ్ళోసుకోవడమంటే ఏంట్రా?”

“స్నానం చేయడం.”

“నీ మొహం! కడుపుతో ఉండడం. నువ్వు కడుపున పడ్డప్పుడు మీ నాన్న వీధి వీధంతా చెప్పుకుని తిరిగాడు, మా ఆవిడ నీళ్ళోసుకుందని. నువ్వప్పటికే ఈ ఉద్యోగంలో ఉండుంటే ఆయన్ని కూడా పట్టించేవాడివి.”

అమ్మా, నేను చిన్నప్పటినుంచీ హాస్టళ్ళలో పెరిగాను. అక్కడ మగపిల్లలం నీళ్ళోసుకుంటే స్నానమే. ఇక రెండో మాట. ఆఫీసు ఉత్తరాల్లో వీలైనంతవరకు పరాయి భాష మాటలు కనపడకూడదని పైనుంచి ఆదేశం వచ్చింది. కనెక్షన్ అని రాయకూడదు. నిఘంటువు చూస్తే సంబంధం అని ఉంది. అక్రమ కనెక్షన్‌ను అట్లా మార్చాను. మీ ఇంట్లో అది ఎట్లా వినపడిందో తలుచుకుంటే నాకు అన్నం సహించడం లేదు. మీ వియ్యపురాలికి క్షమాపణ ఉత్తరం విడిగా రాశాను. గొయ్యి పూడ్చడానికి మనుషుల్ని పంపుతున్నాను. మేకపిల్ల కులాసా అని తలుస్తాను.

ఇప్పుడు అసలు చిక్కు చెప్పాలి. కేసు నమోదయింది. నమోదయిన కేసును పొరపాటున పెట్టామని తీసేయడానికి మా దగ్గర పద్ధతి లేదు. ఆఫీసు పొరపాటు చేయదు కాబట్టి అటువంటి పద్ధతి ఎవరూ రాయలేదు. అక్రమ కనెక్షన్‌ను తెంచాలి, లేదా క్రమబద్ధం చేయాలి. తెంచడానికి మీకు కనెక్షన్ లేదు.

అయితే ఇందులోనే ఒక దారి ఉంది. మూల ప్రాంతంలో కొత్త కుళాయి ఇవ్వకూడదు. కానీ మూల ప్రాంతంలో అప్పటికే ఉన్న దొంగ కుళాయిని క్రమబద్ధం చేయవచ్చని నిబంధన ఉంది. అంటే, నీళ్ళు అడిగినవాళ్ళకు ఇవ్వం, దొంగిలించినవాళ్ళకు ఇస్తాం. నేను రాసింది కాదమ్మా, ఉన్నదే చెబుతున్నాను.

కావున మీరు దయచేసి ఒక దొంగ కుళాయి పెట్టించుకోవలసిందిగా ప్రార్థన. మీకు అలవాటు ఉండదు కాబట్టి మా ఫిట్టరునే పంపుతాను. అతను పెట్టి వెళ్ళిన తర్వాత మేమే వచ్చి పట్టుకుని, మందలించి, క్రమబద్ధం చేస్తాం.

ఇట్లు,
చెవి ఇంకా ఎర్రగా ఉన్న
గుమాస్తా

తా.క.: మందలించేటప్పుడు మీరు కాస్త తలదించుకుని నిలబడితే చాలు. ఏడవనక్కర్లేదు.

*

చిరంజీవి గుమాస్తా అబ్బాయికి,

దీవెనలు. మీ అమ్మగారికి నా నమస్కారం, రెండు చేతులా.

నీ క్షమాపణ ఉత్తరం మా వియ్యపురాలికి అందింది. అది చేత పట్టుకుని, పిల్లను వెంటబెట్టుకుని, నవ్వుకుంటూ తనే దిగింది. కుళాయి వచ్చాకే పంపుతానన్న మనిషి, ముందే తెచ్చింది. మా అబ్బాయి అన్నం అడిగి పెట్టించుకున్నాడు. నీ మీద కోపం అక్కడితో పోయింది. మీ ఆఫీసు మీద పోలేదు.

దొంగ కుళాయి మాకొద్దు నాయనా. మా ఏటి నీళ్ళు మా గుమ్మంలో మేం దొంగిలించుకోవాలా? ఆ పైన తలదించుకుని నిలబడాలా? ఈ మాట నేను అంటుండగా మా వియ్యపురాలు మీ కాగితాలన్నీ ముందేసుకుని కూర్చుంది. ఒక ప్రశ్న దగ్గర ఆగింది.

“వదినా, ‘ఈ సంబంధం ఎవరి అనుమతితో పెట్టుకున్నారు’ అని నిన్నడిగారు కదా. మీ ఏటికి వాళ్ళు గొట్టం తగిలించినప్పుడు ఎవరి అనుమతి తీసుకున్నారు?”

ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగి అడిగాం. ఎవరూ ఏమీ ఇవ్వలేదు. అడిగినట్టు కూడా ఎవరికీ గుర్తులేదు. యంత్రాలు వచ్చాయి, కట్ట లేచింది, అంతే. ఆవిడ రాత్రికి టైపు మిషను ముందు కూర్చుంది. “విషయం: మా ఏటితో మీ నగరానికి ఉన్న అక్రమ సంబంధం గురించి,” అని మొదలుపెట్టింది. మీ నగరం నగరమంతా ఇన్నేళ్ళుగా నీళ్ళోసుకుంటోంది, దీనికి బాధ్యులెవరు అని అడిగింది. ఊరంతా సంతకాలు పెట్టి మీ పెద్దసారుకి పంపాం.

నీకు ఆఫీసులో చెప్పారో లేదో, మీ పెద్దసారు కారేసుకుని వచ్చాడు. పలక మీదుగా నడిచి ఇంట్లోకొచ్చాడు, గొయ్యి ఇంకా పూడ్చలేదు మరి. నా కుట్టుమిషను పక్కన కుర్చీ వేశాం.

“అమ్మా, లక్షలమంది దాహం తీరుస్తున్న పథకం ఇది,” అన్నాడు.

“దాహం తప్పని మేమన్నామా? అడిగారా అంటున్నాం,” అంది వియ్యపురాలు.

“అది... అప్పటి అధికారులు... ఆ దస్త్రం చూడాలి...”

అట్లా కాసేపు నీళ్ళు నమిలాడు. నమిలిన నీళ్ళతో దాహం తీరదు కదా, చెమటలు తుడుచుకున్నాడు. కోడలు గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చిచ్చింది. నోటిదాకా తీసుకెళ్ళి ఆగాడు.

“ఇవి శుద్ధి చేసినవేనా?”

“కాచి వడగట్టాం సార్. మీరు తీసుకుపోగా మిగిలినవి.”

గ్లాసు వెలుతురుకు ఎత్తి చూశాడు. అడుగున మడ్డి కదిలింది. “కారులో సీసా ఉంది, పర్లేదు,” అన్నాడు.

మా కోడలు గట్టిగా మాట్లాడే పిల్ల కాదు. ఆ రోజు కూడా గట్టిగా మాట్లాడలేదు. “నేను రోజూ తాగేవే సార్,” అంది. “నాతోపాటు లోపలున్నది కూడా. మీరొక్క గుక్క తాగండి. కుళాయి మాట ఇక ఎత్తం.”

అందరం ఆయన వంకే చూస్తున్నాం. నేల కింద మీ గొట్టంలో నీళ్ళు పోతున్న చప్పుడు బాగా వినపడింది. ఆయన గ్లాసు నా మిషను బల్ల మీద పెట్టాడు. కాగితం అడిగాడు.

రాసుకున్నది ఇది. గొట్టం మా ఊరు దాటకముందే కొన్ని నీళ్ళు పక్కకు మళ్ళిస్తారు. పటిక తొట్టి, ఇసుక వడపోత, క్లోరిన్ అన్నీ ఇక్కడే కడతారు. ప్రతి ఇంటికీ కుళాయి. అందుకు బదులుగా మీ నగరాన్ని మేం క్రమబద్ధం చేశాం. ఇక మీరు మా నీళ్ళు భయం లేకుండా వాడుకోవచ్చు. అయితే అనుమతికి ఒక గడువు ఉండాలని మా వియ్యపురాలు పట్టుబట్టింది. గడువు: మా కోడలికి నెలలు నిండేదాకా. ఆ లోపల కుళాయిలో శుద్ధి చేసిన నీళ్ళు రాకపోతే అనుమతి రద్దు, మీ నగరం మళ్ళీ దొంగ.

ఊరి తరఫున మా కోడలే సంతకం పెట్టింది.

ఇట్లు,
మీ నగరానికి నీళ్ళిస్తున్న
టైలరమ్మ

తా.క.: గడువు ఏ తేదీతో ముగుస్తుందో కచ్చితంగా రాసివ్వమని మీ పెద్దసారు బతిమాలాడు. అది మా చేతుల్లో లేదని చెప్పాం. అప్పటినుంచీ మీ ఆఫీసు మనిషి రోజూ వచ్చి కోడలి ఆరోగ్యం కనుక్కుని, ఆ వార్త పట్టుకుని పరుగెత్తుతున్నాడు. నిన్న దానికి వరసగా రెండు తుమ్ములొచ్చాయి. సాయంత్రానికి సిమెంటు లారీ దిగింది.